ఫెల్ డీజిల్ లోకోమోటివ్ 10100: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటిష్ రైల్వేలో 1950ల్లో నడిచిన 10100 నంబరు లోకో గురించి రైలు అభిమానులు అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. తెలుగులో మొత్తం యంత్రాన్నీ, అందులోని డీజిల్ ఇంజనునూ కూడా ఇంజను అనే పిలుస్తాం కాబట్టి, గందరగోళం లేకుండా ఇక్కడ మొత్తం యంత్రాన్ని లోకో అనీ, లోపల ఇంధనం మండించే యంత్రాన్ని ఇంజను అనీ వ్యవహరించాం.

ఫెల్ లోకో ప్రత్యేకత ఏమిటి?

సాధారణంగా పెద్ద డీజిల్ లోకోలో ఒక భారీ ఇంజను జనరేటరును తిప్పుతుంది. ఆ విద్యుత్తుతో ఇరుసుల దగ్గరున్న మోటార్లు పనిచేస్తాయి. ఫెల్ లోకోలో చక్రాలను నడపడానికి జనరేటరు గానీ మోటార్లు గానీ లేవు. ఒక్కొక్కటి 500 అశ్వశక్తి గల నాలుగు ప్రధాన ఇంజన్ల బలాన్ని డిఫరెన్షియల్ పళ్లచక్రాల ద్వారా ఒకటిగా కలిపి, నేరుగా చక్రాలకు అందించారు. వీటికి గాలి అందించడానికి 150 అశ్వశక్తి గల మరో రెండు ఇంజన్లు అమర్చారు. అంటే ఒకే లోకోలో మొత్తం ఆరు ఇంజన్లున్నాయి. ఈ నమూనాలో తయారైనది ఈ ఒక్క లోకోయే.

దీన్ని ఎవరు రూపొందించారు?

మూల ఆలోచన లెఫ్టినెంట్ కర్నల్ ఎల్.ఎఫ్.ఆర్. ఫెల్‌ది. ఆయన విమాన ఇంజన్ల రంగం నుంచి వచ్చిన ఇంజనీరు. ప్రధాన ఇంజన్లను ఇంగ్లండులోని కోల్చెస్టర్‌కు చెందిన డేవీ పాక్స్‌మన్ సంస్థ అందించింది. షెల్ చమురు సంస్థ ఈ ప్రయత్నంలో భాగస్వామి. అంతర్దహన ఇంజన్ల విషయంలో ఆ కాలపు అగ్రశ్రేణి నిపుణుడైన సర్ హారీ రికార్డో కూడా ఇందులో పాలుపంచుకున్నారు. రైల్వే తరఫున అండగా నిలిచిన వారు హెచ్.జి. ఐవాట్. లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్ రైల్వేకు చివరి చీఫ్ మెకానికల్ ఇంజనీరు ఆయనే. 1948 జనవరి 1న బ్రిటన్‌లోని రైల్వేలు జాతీయమయ్యాక కూడా ఐవాట్ లండన్ మిడ్‌లాండ్ రీజియన్‌లో అదే బాధ్యతలో కొనసాగడం వల్ల, ప్రైవేటు రైల్వే రోజుల్లో మొదలైన ఈ పథకం మధ్యలో ఆగిపోకుండా 1950లో డర్బీ వర్క్‌షాపు నుంచి బయటికి రాగలిగింది.

పర్వత మార్గాల్లో వాడిన ఫెల్ రైలు పద్ధతికీ దీనికీ సంబంధం ఉందా?

లేదు. నిటారు ఎత్తులు ఎక్కడానికి పట్టాల నడుమ మరో పట్టా వేసి, దాన్ని అడ్డచక్రాలతో ఇరువైపులా పట్టుకునే పద్ధతి 19వ శతాబ్దపు ఇంజనీరు జాన్ బారక్లఫ్ ఫెల్‌ది. ఆల్ప్స్‌లోని మాంట్ సెనీలోనూ, న్యూజీలాండ్‌లోని రిముటాకా ఎత్తు మీదా వాడిన పద్ధతి అది. 10100 మామూలు పట్టాల మీద నడిచిన మామూలు గేజి లోకో.

అసలు డీజిల్ లోకోలో ఇంజనును చక్రాలకు నేరుగా ఎందుకు కలపలేరు?

ఆవిరి లోకోలో చక్రాలు కదలక ముందే సిలిండరులోని ఆవిరి పిస్టనును పూర్తి బలంతో నెట్టగలదు. డీజిల్ ఇంజను అలా కాదు. అది ఒక కనీస వేగంతో తిరుగుతూ ఉంటేనే బతికి ఉంటుంది, ఆగితే దాని బలం సున్నా. రైలుకు మాత్రం అత్యధిక లాగుడు అవసరమయ్యేది నిలిచి ఉన్న స్థితి నుంచి కదిలేటప్పుడే. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చేదే ట్రాన్స్‌మిషన్. డీజిల్ లోకో చరిత్రలో సగం ఈ ట్రాన్స్‌మిషన్ చరిత్రే అని చెప్పవచ్చు. ఎందుకంటే మంచి ఇంజన్లు దొరికిన చాలాకాలం వరకు వాటి శక్తిని పట్టాల దాకా చేర్చే మంచి మార్గం దొరకలేదు.

లారీలో ఉన్నట్టు క్లచ్చు, గేర్‌బాక్సు పెడితే సరిపోదా?

యార్డుల్లో పెట్టెలను అటూ ఇటూ జరిపే చిన్న షంటింగ్ లోకోలకూ, రైల్‌కార్లకూ సరిపోతుంది, అలా చేశారు కూడా. రెండు వేల అశ్వశక్తి దగ్గర మాత్రం రెండు కష్టాలు ఎదురవుతాయి. అంత బలాన్ని భరిస్తూ ఒక గేరు నుంచి మరో గేరుకు మారగలిగే క్లచ్చులు తయారు చేయడం కష్టం. అంతకంటే పెద్ద కష్టం, గేరు మార్చే క్షణంలో లాగుడు తెగిపోవడం. ఎత్తు ఎక్కుతున్న బరువైన రైలుకు లాగుడు ఒక్కసారిగా ఆగి మళ్లీ అందితే, పెట్టెలను కలిపే కప్లింగుల మీద కుదుపు పడుతుంది, వేగమూ పడిపోతుంది. విద్యుత్ ట్రాన్స్‌మిషన్‌లో ఈ బాధ లేదు. కానీ జనరేటరు, మోటార్లు బరువైనవి, ఖరీదైనవి, వాటిలో రాగి చాలా ఖర్చవుతుంది. పైగా ఇంజను ఇచ్చిన శక్తిలో ఆరో వంతో ఐదో వంతో విద్యుత్తుగా మారి మళ్లీ తిరుగుడుగా మారే దారిలోనే పోతుంది. యుద్ధానంతర బ్రిటన్‌లో ఇది చిన్న విషయం కాదు.

ఫెల్ ఈ చిక్కును ఎలా విడదీశారు?

లారీ వెనక ఇరుసులోని డిఫరెన్షియల్‌ను గుర్తు చేసుకుంటే ఇది సులభంగా అర్థమవుతుంది. అక్కడ ఒక షాఫ్టు లోపలికి వెళుతుంది, రెండు చక్రాలకు బలం బయటికి వస్తుంది. ఆ రెండు చక్రాల వేగాల సగటే లోపలి వేగం. ఫెల్ దీన్ని తిరగేశారు. రెండు ఇంజన్ల షాఫ్టులు లోపలికి వెళతాయి, ఒకే షాఫ్టు బయటికి వస్తుంది. బయటి షాఫ్టు వేగం రెండు ఇంజన్ల వేగాల సగటుకు సమానం. ఒక ఇంజను మాత్రమే పనిచేస్తూ, రెండో వైపు వెనక్కి తిరగకుండా ఏకదిశ క్లచ్చు పట్టి ఉంచితే, బయటి షాఫ్టు ఆ ఇంజను వేగంలో సగంతో తిరుగుతుంది.

లోకోలో ఇలాంటి డిఫరెన్షియల్‌లు మూడు ఉన్నాయి. మొదటిది ఒక జత ఇంజన్లను కలుపుతుంది, రెండోది మరో జతను కలుపుతుంది. ఈ రెండింటి నుంచి వచ్చిన షాఫ్టులను మూడోది కలుపుతుంది. కాబట్టి ఒక్క ఇంజను పనిచేస్తే చివరి షాఫ్టు ఇంజను వేగంలో నాలుగో వంతుతో తిరుగుతుంది. రెండు పనిచేస్తే సగం, మూడు పనిచేస్తే ముప్పాతిక, నాలుగూ పనిచేస్తే ఇంజను వేగమే చివరి షాఫ్టు వేగం. అంటే గేరు మార్చడానికి కదిలే పళ్లచక్రం ఏదీ లేదు. పనిచేస్తున్న ఇంజన్ల సంఖ్యే ఈ లోకో గేరు.

ఒకే ఇంజనుతో బయలుదేరితే లాగుడు బలం నాలుగో వంతే ఉంటుంది కదా?

ఈ లోకో గురించి చదివినవారిలో చాలామంది పొరబడేది ఇక్కడే. లాగుడు బలం తగ్గదు. డిఫరెన్షియల్‌లో వేగాలు ఎలా పంచుకున్నా, రెండు వైపులా పడే తిప్పే బలం ఎప్పుడూ సమానంగా ఉంటుంది. ఒక ఇంజను తన వైపు నుంచి కొంత బలంతో తిప్పుతుంటే, పట్టి ఉంచిన రెండో వైపు అంతే బలంతో ఎదురు నిలుస్తుంది. బయటి షాఫ్టుకు ఆ రెండింటి మొత్తం అందుతుంది. మొదటి దశలో రెండింతలు, చివరి దశలో మళ్లీ రెండింతలు, వెరసి నాలుగింతలు. నాలుగు ఇంజన్లూ పనిచేసినప్పుడు చివరి షాఫ్టుకు అందేదీ ఒక ఇంజను తిప్పే బలానికి నాలుగింతలే.

అందుచేత ఈ లోకోలో అదనపు ఇంజను లాగుడును పెంచదు, అదే లాగుడును మరింత వేగంలో కొనసాగించే సామర్థ్యాన్ని పెంచుతుంది. స్టేషను నుంచి కదిలేటప్పుడు వేగం తక్కువ కాబట్టి 500 అశ్వశక్తి చాలు. వేగం పెరిగేకొద్దీ రెండోది, మూడోది, నాలుగోది వచ్చి చేరతాయి. అవసరం లేనప్పుడు ఏ ఇంజనూ బరువు మోయదు. యాంత్రిక ఆలోచనగా నేను చూసిన రైల్వే రూపకల్పనల్లో ఇంత పొందికైనవి చాలా తక్కువ.

గాలి కోసం రెండు ఇంజన్లు విడిగా ఎందుకు?

ఫెల్ ఆలోచనలో రెండో భాగం ఇది, మొదటిదానంత పేరు దీనికి రాలేదు. ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే యంత్రమే సూపర్‌చార్జరు. మామూలు సూపర్‌చార్జరు తాను గాలి అందించే ఇంజను బలంతోనే తిరుగుతుంది కాబట్టి, ఇంజను నెమ్మదిస్తే గాలి కూడా తగ్గుతుంది. రైలుకు కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం, వేగం తగ్గినప్పుడు లాగుడు పెరగాలి. అందుకే ఫెల్ సూపర్‌చార్జర్లను ప్రధాన ఇంజన్ల నుంచి విడదీసి, వాటిని తిప్పే పనిని రెండు ఏఈసీ ఇంజన్లకు అప్పగించారు. లండన్ బస్సులకు ఇంజన్లు చేసిన ఏఈసీ సంస్థే ఇది.

ఈ చిన్న ఇంజన్లు ప్రధాన ఇంజన్ల వేగంతో నిమిత్తం లేకుండా గాలి పంపుతాయి. ప్రధాన ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఒక్కొక్క చుట్టుకు ఎక్కువ గాలి అందుతుంది, దాంతో ఎక్కువ ఇంధనం మండి, తిప్పే బలం పెరుగుతుంది. వేగంగా తిరుగుతున్నప్పుడు అదే గాలి ఎక్కువ చుట్లకు పంచబడి, తిప్పే బలం తగ్గుతుంది. ఫలితంగా ఇంజను వేగం మారినా శక్తి దాదాపు ఒకే మట్టంలో ఉంటుంది. ఈ ఏర్పాటు లేకపోతే నాలుగు మెట్ల డిఫరెన్షియల్ ఒక్కటే రైలును సాఫీగా నడపలేకపోయేది, ఎందుకంటే ఒక మెట్టుకూ మరో మెట్టుకూ నడుమ ఇంజను విస్తారమైన వేగ పరిధిలో పనిచేయాల్సి వచ్చేది.

డ్రైవరు దీన్ని ఎలా నడిపేవారు?

ప్రతి ప్రధాన ఇంజనుకూ డిఫరెన్షియల్‌కూ మధ్య ఒక ఫ్లూయిడ్ కప్లింగ్ ఉంది. అందులో నూనె నిండితే ఇంజను బలం ముందుకు వెళుతుంది, నూనె ఖాళీ చేస్తే ఇంజను తన మానాన తాను తిరుగుతుంది. మొదట ఒక ఇంజను కప్లింగ్‌ను నింపి రైలును కదిలిస్తారు. ఆ ఇంజను తన గరిష్ఠ వేగానికి చేరువయ్యాక రెండోదాన్ని నింపుతారు. రెండో ఇంజను వైపు షాఫ్టు మెల్లగా తిరగడం మొదలుపెట్టినకొద్దీ మొదటి ఇంజను వేగం తగ్గుతుంది, ఎందుకంటే ఆ క్షణంలో రైలు వేగం మారదు కాబట్టి రెండు ఇంజన్ల వేగాల మొత్తం కూడా మారకూడదు. చివరికి రెండూ ఒకే వేగానికి వచ్చి కలిసి లాగుతాయి. ఈ మార్పు జరుగుతున్నంతసేపూ మొదటి ఇంజను లాగుతూనే ఉంటుంది. లాగుడు తెగడం అనే పాత గేర్‌బాక్సు దోషం ఇలా పూర్తిగా తొలగిపోయింది.

ఒక ఇంజను దారిలో చెడిపోతే రైలు ఆగిపోయేదా?

ఆగాల్సిన పనిలేదు. చెడిన ఇంజను కప్లింగ్‌లోని నూనె ఖాళీ చేస్తే, ఆ వైపు షాఫ్టును ఏకదిశ క్లచ్చు పట్టి ఉంచుతుంది. మిగిలిన మూడింటితో లాగుడు బలం అంతే ఉంటుంది, గరిష్ఠ వేగం మాత్రం నాలుగో వంతు తగ్గుతుంది. ఒకే పెద్ద ఇంజను గల లోకోలో ఇంజను చెడితే మరో లోకో వచ్చి లాగాల్సిందే. అయితే డిఫరెన్షియల్‌లు ఉన్న గేర్‌బాక్సు చెడితే మాత్రం ఫెల్ లోకోకు ఈ వెసులుబాటు లేదు, నాలుగు ఇంజన్ల బలమూ వెళ్లాల్సింది ఆ ఒక్క దారి గుండానే.

చక్రాల అమరిక ఎలా ఉండేది?

ముందు నాలుగు, మధ్య ఎనిమిది, వెనక నాలుగు చక్రాలు. బలం అందేది మధ్య ఎనిమిదింటికి మాత్రమే. వాటిని మొదట ఆవిరి లోకోల్లాగే బయటి కడ్డీలతో ఒకదానికొకటి కలిపారు. తర్వాత నడిమి కడ్డీలను తీసేయడంతో, ఎనిమిది చక్రాలు నాలుగేసి చొప్పున రెండు జట్లయ్యాయి. రెండు చివరలా క్యాబు ముందు పొడవైన ముక్కుభాగం, దానిలో ఇంజన్లు, వాటికి గాలి కోసం పెద్ద జాలీలు ఉండటంతో దీని రూపం ఆనాటి మిగతా డీజిల్ లోకోల రూపానికి చాలా దూరంగా ఉండేది.

ఏ మార్గంలో నడిచింది?

1951లో పరీక్షా పరుగులు జరిగాయి. తర్వాత ప్రధానంగా డర్బీ నుంచి పీక్ డిస్ట్రిక్ట్ కొండల గుండా మాంచెస్టర్ సెంట్రల్ వెళ్లే మార్గంలో ప్రయాణికుల రైళ్లను లాగింది. లండన్ సెయింట్ పాంక్రాస్‌కూ మాంచెస్టర్‌కూ నడిచే రైళ్లు వెళ్లే దారి అది. ఎత్తులు, మలుపులు నిండిన ఆ మార్గం ఏ లోకోకైనా గట్టి పరీక్షే.

జనరేటరు, మోటార్లు లేకుంటే లోకో తేలికవుతుందన్న ఫెల్ మాట నిలబడిందా?

నిలబడింది, కానీ కొద్దికాలమే. 10100 బరువు 120 టన్నులు, శక్తి 2,000 అశ్వశక్తి. ఐవాట్ ఆధ్వర్యంలోనే 1947 డిసెంబరులో అదే డర్బీ వర్క్‌షాపు నుంచి వచ్చిన 10000 నంబరు డీజిల్ విద్యుత్ లోకో 1,600 అశ్వశక్తికే దాదాపు 128 టన్నులు తూగింది. 1958లో ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ సంస్థ అందించడం మొదలుపెట్టిన, తర్వాత 40వ క్లాసు అని పేరుపడిన లోకోలు 2,000 అశ్వశక్తికి 133 టన్నులు ఉండేవి. ఆ లెక్కన ఫెల్ చెప్పింది నిజమే.

కానీ అదే 1958లో స్విండన్ వర్క్‌షాపు జర్మన్ నమూనాను అనుసరించి వార్‌షిప్ క్లాసు డీజిల్ హైడ్రాలిక్ లోకోలను తెచ్చింది. రెండు వేగవంతమైన ఇంజన్లు, ఇంజను బలాన్ని నూనె ప్రవాహం ద్వారా చక్రాల వైపు చేర్చే టార్క్ కన్వర్టరు గల ఆ లోకోలు సుమారు అంతే శక్తిని 80 టన్నుల లోపు బరువుతో ఇచ్చాయి. తేలికైన లోకో కావాలనుకునేవారికి అప్పటికి ఫెల్ కంటే మెరుగైన దారి కళ్ల ముందుంది.

మరి ఇంత మంచి ఆలోచన ఎందుకు నిలదొక్కుకోలేదు?

ఒకే కారణం చెప్పి ముగించడం న్యాయం కాదు. అయినా నా దృష్టిలో అన్నిటికంటే బరువైన కారణం సిలిండర్ల లెక్క. పాక్స్‌మన్ ఇంజన్లలో ఒక్కొక్కదానికి 12 సిలిండర్లు, నాలుగింటికి 48. ఏఈసీ ఇంజన్లకు ఆరేసి, రెండింటికి 12. మొత్తం 60 సిలిండర్లు, వాటన్నిటికీ వాల్వులు, ఇంజెక్టర్లు, పైపులు. 10000 నంబరు లోకోలో ఉన్నవి 16 సిలిండర్లు మాత్రమే. ఫెల్ విద్యుత్ యంత్రాల భారాన్ని తొలగించారు గానీ, ఆ భారం మాయం కాలేదు. అది ఆరు ఇంజన్ల నిర్వహణగా మారి షెడ్డు సిబ్బంది మీద పడింది. ఆ సిబ్బంది బొగ్గు, బూడిదల నడుమ ఆవిరి లోకోలతో పనిచేస్తున్నవారు, వారికి ఇలాంటి లోకో ఒక్కటే ఉంది, దానికి తోడు మరొకటి లేదు. విడిభాగాలు గానీ, అలవాటు గానీ, పోల్చి చూసుకునే మరో లోకో గానీ లేని ఒంటరి యంత్రం ఎక్కడైనా వర్క్‌షాపులోనే ఎక్కువ కాలం గడుపుతుంది.

రెండో కారణం పట్టుకు సంబంధించినది. 10000 లోకోలో ఆరు ఇరుసులూ మోటార్లతో నడిచేవి, లోకో బరువంతా పట్టాల మీద పట్టుగా ఉపయోగపడేది. ఫెల్ లోకో 120 టన్నుల్లో కొంత భాగం బలం అందని ఎనిమిది చక్రాల మీద ఉండేది. పైగా విద్యుత్ మోటార్లను లోకో కింద చక్రాలుండే చట్రాల్లో (బోగీల్లో) ఎక్కడైనా అమర్చవచ్చు, మధ్యలో కావలసింది తీగలు మాత్రమే. పళ్లచక్రాల ట్రాన్స్‌మిషన్‌కు అన్నీ ఒకే ఫ్రేములో, ఒకే వరుసలో ఉండాలి.

మూడోది పరిశ్రమ స్వభావం. ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ వంటి సంస్థలు ఇంజను, జనరేటరు, మోటార్లు అన్నీ తామే చేసి, విదేశాలకూ అమ్మి, ఏటేటా మెరుగుపరుస్తూ వచ్చాయి. ఫెల్ గేర్‌బాక్సుకు అలాంటి వెన్నుదన్ను లేదు. ఐవాట్ కూడా 1951లో పదవీ విరమణ చేశారు. 1955లో బ్రిటిష్ రైల్వే ఆధునికీకరణ ప్రణాళిక ప్రకటించి పెద్ద సంఖ్యలో డీజిల్ లోకోలకు సిద్ధమైనప్పుడు, ఫెల్ నమూనా కోసం గట్టిగా మాట్లాడే స్థానంలో రైల్వేలో ఎవరూ లేరు.

చివరికి దానికి ఏమైంది?

1958 అక్టోబరు 16న మాంచెస్టర్ సెంట్రల్ స్టేషనులో ఉండగా దానిలోని బాయిలరుకు నిప్పంటుకుంది. ఆ కాలంలో బ్రిటన్‌లో ప్రయాణికుల పెట్టెలను ఆవిరితో వెచ్చబరిచేవారు. అందువల్ల డీజిల్ లోకోల్లో కూడా ఇందుకోసం చిన్న బాయిలరు ఉండేది. ఆ ప్రమాదం తర్వాత లోకోను సేవ నుంచి తొలగించారు. కొంతకాలం డర్బీలో ఉంచి, 1960లో ముక్కలు చేశారు. దాని ఇంజన్లను గానీ డిఫరెన్షియల్‌లను గానీ తప్పుపట్టేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి, దాన్ని ఆపింది ఆ రెండూ కావు. ప్రయోగాత్మక యంత్రాలను భద్రపరచాలన్న స్పృహ అప్పటికి అంతగా లేకపోవడం వల్ల, ఆ గేర్‌బాక్సు కూడా తుక్కులో కలిసిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

భారతీయ రైల్వేలో ఇలాంటిది ఎప్పుడైనా వచ్చిందా?

ఫెల్ పద్ధతి రాలేదు. మన దేశంలో ప్రధాన మార్గాల డీజిల్ యుగాన్ని నడిపినవి 1962 నుంచి అమెరికాలోని ఆల్కో నుంచి వచ్చి, తర్వాత వారణాసిలో తయారైన డబ్ల్యూడీఎం-2 లోకోలు. కాజీపేట, గుత్తి డీజిల్ షెడ్లు చూసినవారికి ఇవి బాగా తెలుసు. ఒకే 16 సిలిండర్ల ఇంజను, 2,600 అశ్వశక్తి, విద్యుత్ ట్రాన్స్‌మిషన్. విద్యుత్ ట్రాన్స్‌మిషన్‌ను వదిలి వేరే దారి వెతికిన భారతీయ ప్రయత్నం కూడా ఒకటి ఉంది. చిత్తరంజన్‌లో తయారైన డబ్ల్యూడీఎస్-4 షంటింగ్ లోకోల్లో భారతీయ రైల్వే ఇంజనీరు ఎం.ఎం. సూరి పేరిట సూరి ట్రాన్స్‌మిషన్ వాడారు. టార్క్ కన్వర్టరునూ, నేరుగా కలిసే మార్గాన్నీ జతచేసిన హైడ్రాలిక్ పద్ధతి అది. డబ్ల్యూడీఎస్-4 యార్డుల్లో పనిచేసే లోకోయే అయినా, ట్రాన్స్‌మిషన్ నష్టాలను తగ్గించాలన్న తపన దానికీ ఫెల్ లోకోకూ ఒకటే.

ఆ ఆలోచన మరో రూపంలో ఎక్కడైనా కనిపిస్తుందా?

రెండు భాగాలుగా విడిపోయి కనిపిస్తుంది. అవసరాన్ని బట్టి కొన్ని చిన్న ఇంజన్లనే నడపడం అనే భాగం ఈ శతాబ్దపు మొదటి దశాబ్దంలో అమెరికాలో వచ్చిన బహుళ ఇంజన్ల షంటింగ్ లోకోల్లో ఉంది. యార్డులో పని తక్కువగా ఉన్నప్పుడు ఒక ఇంజను, బరువు పెరిగితే రెండోది, మూడోది అందుకుంటాయి. అయితే వాటిలో కలిపే పని చేసేది విద్యుత్తు. రెండు శక్తి వనరులను పళ్లచక్రాలతో కలపడం అనే భాగం 1997లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన టయోటా ప్రియస్ కారులో ఉంది. అందులో పెట్రోలు ఇంజనునూ విద్యుత్ యంత్రాలనూ మధ్య చక్రం చుట్టూ చిన్న పళ్లచక్రాలు తిరిగే ఒక ప్లానెటరీ గేరు కలుపుతుంది, వేగాలు పంచుకునే సూత్రం డిఫరెన్షియల్‌దే. ఇవి ఫెల్ నుంచి నేర్చుకున్నవని చెప్పలేం, ఆ సూత్రం ఆయన కంటే పాతది. కానీ ఆయన దాన్ని 2,000 అశ్వశక్తితో, 120 టన్నుల లోకోలో, కంప్యూటరు సాయం లేకుండా, నూనె నింపే కప్లింగులతోనూ ఏకదిశ క్లచ్చులతోనూ పనిచేయించారు.